మొదటి ఉద్యోగం పిల్లల థెరపీ సెంటర్లోనా, ఆసుపత్రిలోనా? కొత్త స్పీచ్ థెరపిస్టులకు ఒక పోలిక

వినికిడి, మాట సమస్యల డిగ్రీ అయిన బీఏఎస్‌ఎల్‌పీలో ఇంటర్న్‌షిప్ చివరికొచ్చేసరికి అందరికీ ఒకటే టెన్షన్. చేతిలో రెండు మూడు ఆఫర్లు ఉంటాయి. ఒకటి పిల్లల థెరపీ సెంటర్ నుంచి, ఒకటి ఏదో ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగం నుంచి, ఇంకోటి హియరింగ్ ఎయిడ్ క్లినిక్ నుంచి. ఇంట్లో వాళ్లేమో ముందు పీజీ చేసెయ్యమంటారు. సీనియర్లను అడిగితే ఎవరు ఎక్కడ చేస్తున్నారో అదే మంచిదంటారు. చివరికి చాలామంది జీతం ఎక్కువిచ్చేదో, ఇంటికి దగ్గరున్నదో చూసుకుని చేరిపోతారు. ఏడాది తిరిగేసరికి అలసిపోయి, ఈ ఫీల్డే తప్పు ఎంచుకున్నామేమో అనుకుంటారు. అలా అనుకున్నవాళ్లలో మంచి థెరపిస్టులు కాగలిగినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లలా, పెద్దలా అన్నది రెండో ప్రశ్న. మీరు సెషన్ చేస్తుంటే పక్కన కూర్చుని చూసి, అయ్యాక తలుపు వేసి "ఇక్కడ తొందరపడ్డావు, ఇక్కడ బాగా చేశావు" అని చెప్పే సీనియర్ ఆ చోట ఉన్నారా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఉంటే ఆ చోటు పిల్లలదైనా పెద్దలదైనా మీకు మేలే. లేకపోతే జీతం ఐదు వేలు ఎక్కువైనా మొదటి ఉద్యోగంగా వద్దు.

అమెరికాలో మాస్టర్స్ అయిపోయినా సర్టిఫికెట్ వెంటనే రాదు. క్లినికల్ ఫెలోషిప్ పేరుతో కనీసం 36 వారాలు, 1,260 గంటలు ఒక మెంటార్ కింద పనిచేయాలి. మన దగ్గర మూడేళ్ల చదువు మీద ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, అది డిగ్రీలో భాగం. అది పూర్తయి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ వచ్చిందంటే చట్టం దృష్టిలో మీరు పూర్తి స్థాయి ప్రొఫెషనల్. నిన్నటిదాకా ప్రతి రిపోర్టు మీద సూపర్‌వైజర్ సంతకం ఉండాలి, ఇవాళ్టి నుంచి మీ సంతకం చాలు. మధ్యలో ఎవరూ ఉండరు. ఆ మధ్య మనిషిని మీరే వెతుక్కోవాలి. మొదటి ఉద్యోగం అంటే నా లెక్కలో అదే.

పిల్లల సెంటర్

ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ప్రతి పెద్ద కాలనీకీ ఒక సెంటర్ ఉంది. జిల్లా కేంద్రాల్లోనూ వస్తున్నాయి. మాటలు ఆలస్యమైన పిల్లలు, ఆటిజం, వినికిడి లోపం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, నత్తి, ఉచ్చారణ సమస్యలు, ఇలా కేసులకు కొదవ ఉండదు. పక్క గదిలోనే ఆక్యుపేషనల్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఉంటారు కాబట్టి పిల్లవాణ్ణి నాలుగు వైపుల నుంచి చూడడం అలవాటవుతుంది. వారానికి రెండు మూడుసార్లు అదే బిడ్డ వస్తాడు. మార్పు మీ కళ్ల ముందే జరుగుతుంది.

ఇక్కడ అసలు నేర్చుకోవాల్సింది కార్డుల్లోనూ బొమ్మల్లోనూ ఉండదు. ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. మూడున్నరేళ్ల బాబు, ఇంకా మాటల్లేవు. మీరు సబ్బు బుడగలు ఊదారు, వాడు ఎగిరి పట్టుకున్నాడు. ఇప్పుడు మూత బిగించి సీసా వాడికందేలా పెట్టి ఊరుకోవాలి. వాడు సీసా లాగుతాడు, మూత రాదు. కాసేపు అటూ ఇటూ చూస్తాడు. తర్వాత సీసా మీ చేతిలో పెట్టి మీ ముఖంలోకి చూస్తాడు. ఆ రోజు గోల్ ఆ చూపే. మాట దాని వెనకాల వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ ఊరుకోవడమే కష్టం. అద్దం అవతల తల్లి చూస్తోంది, ఫీజు కట్టింది, గదిలో నిశ్శబ్దంగా ఉంటే పని జరగనట్టు అనిపిస్తుంది. అందుకని "బబుల్ అను, బబుల్ అను" అని పదిసార్లు అడిగేస్తారు. వాడు ముఖం తిప్పేసుకుంటాడు. పక్కన సీనియర్ ఉంటే మీ మోచేతి మీద చెయ్యి వేసి ఆపుతారు. లేకపోతే ఆ అడగడమే మీ పద్ధతి అయిపోతుంది. ఏళ్ల తరబడి అలాగే చేస్తున్నవాళ్లను చూశాను. వాళ్ల తప్పు కాదు, చెప్పినవాళ్లు లేరు.

తెలుగు బాగా వచ్చిన థెరపిస్టుకు పిల్లల సెంటర్లో ఒక పెద్ద బలం ఉంది. మన పిల్లల తొలిమాటలు అమ్మ, అక్క, అత్త, తాత, పప్పు, బువ్వ, కుక్క. చాలావరకు ఒత్తు హల్లు ఉండి, అచ్చుతో ముగిసే చిన్న మాటలు. ఇవన్నీ వదిలేసి యాపిల్, బాల్, క్యాట్ కార్డులతో మొదలుపెట్టే సెంటర్లు చాలా ఉన్నాయి. ఇంట్లో నానమ్మ తెలుగులో మాట్లాడుతుంది, సెంటర్లో ఇంగ్లిష్ కార్డులు. "మేడం, స్కూల్లో కష్టమవుతుంది, ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడమంటారా?" అని ప్రతి తల్లీ అడుగుతుంది. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఇంట్లో ఏ భాష సహజంగా వస్తే అందులోనే ధారాళంగా మాట్లాడమని చెప్పాలి. మీరు చేరబోయే సెంటర్ ఈ ప్రశ్నకు ఏం జవాబు చెబుతుందో ఇంటర్వ్యూలోనే అడిగి చూడండి. ఆ ఒక్క జవాబుతో అక్కడి స్థాయి తెలిసిపోతుంది.

ఇక చిక్కుల సంగతి. పిల్లల సెంటర్ చాలా చోట్ల వ్యాపారంగానే నడుస్తుంది. నెల ప్యాకేజీలు, టార్గెట్లు ఉంటాయి. మూడేళ్ల పాప రైలును "లైలు" అంటోందని తీసుకొస్తారు. ర మన పిల్లలకు ఆలస్యంగా పలికే ధ్వనుల్లో ఒకటి. ఆ వయసుకు అది సమస్యే కాదు. "ఇప్పుడేం అక్కర్లేదమ్మా, ఏడాది తర్వాత ఒకసారి చూపించండి" అని పంపేయాలి. అలా పంపితే మీ యజమాని ఏమంటారు? "వచ్చిన కేసును వదిలేస్తారా" అని ముఖం మాడ్చుకునే చోట మీ నిజాయితీ నెలలు తిరక్కుండానే అరిగిపోతుంది. ఆరు నెలల్లో మాటలు గ్యారంటీ అని బోర్డు పెట్టినచోట అసలు అడుగే పెట్టొద్దు. ఆటిజంలో గానీ మరే సమస్యలో గానీ అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. రేపు ఆ తల్లిదండ్రుల ముందు కూర్చుని జవాబు చెప్పాల్సింది బోర్డు రాసినవాళ్లు కాదు, మీరు.

ఇంకోటి ఒంటి అలసట. రోజంతా నేల మీద కూర్చోవడం, పరిగెత్తే పిల్లవాడి వెనక పరిగెత్తడం, గొంతు పెంచి మాట్లాడడం. గొంతు జాగ్రత్తల గురించి టీచర్లకు చెప్పే మనమే సాయంత్రానికి బొంగురుపోతాం. సెషన్ల మధ్య పది నిమిషాల ఖాళీ లేని టైంటేబుల్‌ను ఒప్పుకోకండి.

ఆసుపత్రి, పెద్దవాళ్లు

నా మొగ్గు ఇటువైపు. కారణం కూడా చెప్తాను. పిల్లల పని తర్వాతైనా నేర్చుకోవచ్చు, సెంటర్లు ఎప్పుడూ పిలుస్తూనే ఉంటాయి. పెద్దవాళ్ల పని, ముఖ్యంగా మింగే సమస్యల పని, ఆసుపత్రి గోడల మధ్య తప్ప నేర్చుకోలేం. ఐదేళ్లు పిల్లల సెంటర్లో ఉన్నవాళ్లను ఐసీయూ బెడ్ దగ్గర నిలబెడితే చేతులు వణుకుతాయి, ఆ వయసులో మళ్లీ మొదటినుంచి నేర్పేవాళ్లు దొరకరు. పైగా పక్షవాతం వచ్చినవాళ్లకు, తలకు దెబ్బ తగిలినవాళ్లకు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు, గొంతు క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకు థెరపిస్టులు బాగా తక్కువ. మన రాష్ట్రాల్లో స్పీచ్ థెరపీ అంటే పిల్లలకే అనుకునే డాక్టర్లు కూడా ఉన్నారు.

రోజు ఎలా ఉంటుందో చూడండి. న్యూరో వార్డు నుంచి ఫోన్. "మేడం, పన్నెండో బెడ్, ఆర్‌టీ తీసెయ్యొచ్చా?" అంటే ముక్కులోంచి పొట్టలోకి వేసిన రైల్స్ ట్యూబ్ తీసి నోటితో పెట్టొచ్చా అని. మీరు వెళ్లేసరికి పేషెంటు వాలుగా పడుకుని ఉంటారు, అటెండెంట్ గ్లాసు పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. ముందు ఆ గ్లాసు పక్కన పెట్టించాలి. మనిషి మెలకువగా ఉన్నారా, చెప్పింది అర్థమవుతోందా, ఉమ్మి తనే మింగుకుంటున్నారా చూడాలి. నిటారుగా కూర్చోబెట్టాలి. నోరు శుభ్రం చేయించాలి. అప్పుడు స్పూనుతో కొద్దిగా నీళ్లు. నాలుగు వేళ్లు గొంతు మీద ఆనించి, మింగినప్పుడు కంఠం పైకి లేచి దిగడం వేలి కింద పట్టుకోవాలి. "తాతగారూ, ఒకసారి ఆ అనండి" అని గొంతు వినాలి. మింగకముందు ఉన్న గొంతు, మింగాక ఉన్న గొంతు ఒకటేనా? నీళ్లలోంచి వస్తున్నట్టు తడిగా ఉందా? దగ్గు వచ్చిందా? పొలమారడం పైకి కనబడితే అదృష్టమే అనుకోవాలి. అసలు భయపడాల్సింది దగ్గు కూడా రాకుండా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారిపోయేవాళ్ల గురించి. బయటికి అంతా బాగానే ఉంటుంది. తర్వాత జ్వరం, న్యుమోనియా. అందుకే అనుమానం ఉన్నచోట కెమెరాతో చూసే ఫీస్ పరీక్షో, బేరియం కలిపి ఎక్స్‌రే వీడియో తీసే పరీక్షో అడగాలి. ఆ రెండిట్లో ఒక్కటీ లేని ఆసుపత్రిలో కేవలం చేతి వేళ్ల మీద నిర్ణయాలు తీసుకోవడం కొత్తవాళ్లకు చాలా ప్రమాదం. ఇది ఇంటర్వ్యూలో తప్పక అడగాల్సిన ప్రశ్న.

పరీక్ష అయ్యాక తిండి సంగతి. తిండి, పానీయాలు ఎంత చిక్కగా, ఎంత మెత్తగా ఉండాలో చెప్పే ఐడీడీఎస్‌ఐ లెవెల్స్ 0 నుంచి 7 దాకా పుస్తకాల్లో చదువుకుంటాం. ఇంటికెళ్లే కుటుంబానికి లెవెల్ 2 అని రాసిస్తే ఏం అర్థమవుతుంది? రాగి జావ చేయించి, పది మిల్లీలీటర్ల సిరంజిలో పోసి, పది సెకన్లు జారనిచ్చి, ఎంత మిగిలిందో చూపించాలి. నాలుగు నుంచి ఎనిమిది మిల్లీలీటర్లు మిగిలితే అది లెవెల్ 2. "జావ ఇంత చిక్కగా ఉండాలమ్మా, ఇంతకంటే పల్చగా వద్దు" అంటే వెంటనే పట్టుకుంటారు. చారన్నం మెత్తగానే ఉంటుంది కదా అంటారు. మెతుకు నోట్లో ఉండగానే చారు ముందు జారిపోతుంది కాబట్టి మింగే కష్టం ఉన్నవాళ్లకు అది గట్టి అన్నం కంటే ప్రమాదం కావచ్చు. మజ్జిగన్నం కూడా అంతే. మెత్తగా కలిపిన పెరుగన్నం నయం. ఇడ్లీ పొడిపొడిగా రాలి గొంతులో నిలుస్తుంది. ఇలాంటి జ్ఞానం మన వంటింటి నుంచే రావాలి, ఏ విదేశీ చార్టులోనూ ఉండదు. వార్డులో ఒక మంచి సీనియర్ పక్కన ఆరు నెలలు తిరిగితే వచ్చేస్తుంది.

మాట పోయినవాళ్ల పని వేరే లోకం. ఎడమ మెదడులో స్ట్రోక్ వచ్చి అఫేసియా అయినాయన ఏది అడిగినా "అదే... అదే..." అంటారు. ఇంట్లోవాళ్లు నాన్నకి మతి పోయిందని ఏడుస్తారు. మతి పోలేదని, మనుషుల్ని గుర్తుపడుతున్నారని, మాటే దొరకడం లేదని ఆ గదిలో మొదటిసారి చెప్పేది తరచూ మీరే అవుతారు. ఒకటి, రెండు, మూడు అని మీరు మొదలుపెడితే ఆయన పదిదాకా గడగడా చెప్పేస్తారు. ఆ క్షణంలో భార్య ముఖం చూడాలి. వెస్టర్న్ అఫేసియా బ్యాటరీకి తెలుగు రూపం ఉంది, నేర్చుకోండి. కానీ వచ్చాడు, వచ్చింది, వచ్చారు లాంటి క్రియ చివరలు, కి, తో, లో లాంటి విభక్తులు ఎక్కడ తడబడుతున్నాయో చెవితో పట్టుకోవడం తెలుగువాళ్లుగా మనకే బాగా చాతనవుతుంది.

ఇక్కడి చిక్కులూ తక్కువవి కావు. పేషెంటు వారం పది రోజుల్లో డిశ్చార్జ్. నల్గొండ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చినవాళ్లు మళ్లీ థెరపీకి రాలేరు. ఇరవై నిమిషాల్లో కొడుకుకో కోడలికో అంతా నేర్పి పంపాలి. ఫలితం మీకు కనబడదు. కొందరు చనిపోతారు. నిన్న "ఆ" అనిపించిన మనిషి ఇవాళ బెడ్ మీద ఉండరు. ఇది తట్టుకోవడానికి మాట్లాడుకునే తోటివాళ్లు కావాలి. డాక్టర్లతో గట్టిగా చెప్పగలగాలి కూడా. రౌండ్స్‌లో పెద్ద డాక్టర్ "ఫీడ్స్ మొదలుపెట్టండి" అంటే, "సార్, ఇంకా సేఫ్ కాదు, ఫీస్ చూశాక పెడదాం" అని మొదటి ఏడాది అమ్మాయి చెప్పాలంటే వెనక ఒక సీనియర్ నిలబడాలి.

అన్నిటికంటే పెద్ద మోసం ఆసుపత్రి పేరు చూసి చేరడంలో ఉంది. చాలా ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ కింద స్పీచ్ థెరపిస్టు పోస్టంటే నిజానికి రోజంతా పీటీఏలు, ఇంపిడెన్స్, బెరా లాంటి వినికిడి పరీక్షలే. స్పీచ్ కేసు వారానికి ఒకటి వస్తే గొప్ప. ఆడియాలజీ, అంటే వినికిడి పని, ఇష్టమైతే హాయిగా చేరండి, అది కూడా మన డిగ్రీలో సగం. స్పీచ్ కోసమే వెళుతుంటే సూటిగా అడగండి: "గత నెలలో వార్డు నుంచి ఎన్ని స్వాలో రిఫరల్స్ వచ్చాయి? ఎన్ని అఫేసియా కేసులు?" అంకె చెప్పలేకపోతే అక్కడ ఆ పని లేనట్టే.

రెండూ కలిసిన చోట్లు

దొరికితే ఇవే అన్నిటికంటే మంచివి. కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే పరికరం), గ్రహణం మొర్రి ప్రోగ్రాములున్న ఆసుపత్రుల్లో పిల్లల పని, వైద్య బృందంతో పని రెండూ ఒకేచోట వస్తాయి. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్లు చేరాక పేద కుటుంబాల పిల్లలకు ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. ఆపరేషన్‌తో మాట రాదని, తర్వాత థెరపీతోనే వస్తుందని తల్లిదండ్రులకు ఓపిగ్గా చెప్పే పని మనది. రోజూ సెషన్ మొదట్లో ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనే ఆరు ధ్వనులు నోరు కనబడకుండా పలికి, బిడ్డ విన్నాడో లేదో చూడడం చిన్న పనిలా కనబడుతుంది. మెషీన్ బ్యాటరీ నుంచి మ్యాపింగ్ (మెషీన్ సెట్టింగులు) దాకా తేడా ఎక్కడున్నా అక్కడే పట్టేస్తాం. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ లాంటి చోట్ల కనిపించే రకరకాల కేసులు ప్రైవేటులో దొరకడం కష్టం. ఉద్యోగం దొరక్కపోయినా అబ్జర్వర్‌గా అనుమతిస్తారేమో అడిగి చూడండి.

ప్రభుత్వ కాంట్రాక్టు, స్పెషల్ స్కూల్

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు, అదే డీఈఐసీలు వచ్చాయి. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు, మనం, అందరం ఒకే కప్పు కింద ఉండాలన్నది ఆలోచన. పుట్టుక నుంచి 18 ఏళ్లదాకా పిల్లలు వస్తారు, ఫీజు ఉండదు కాబట్టి అనవసరంగా థెరపీలో పెట్టే ఒత్తిడీ ఉండదు. నాకు ఈ పని మీద చాలా గౌరవం. కానీ అవి ఎక్కువగా కాంట్రాక్టు పోస్టులు, జిల్లా మొత్తానికి మీరొక్కరే కావచ్చు. రెండో మూడో ఉద్యోగంగా అద్భుతం, మొదటిదిగా కాదు. స్పెషల్ స్కూలు నెమ్మదైన చోటు. టైమింగ్స్ బాగుంటాయి, సెలవులుంటాయి, టీచర్లతో కలిసి తరగతిలోనే పనిచేయడం, బొమ్మలు చూపించి అడిగే కమ్యూనికేషన్ బోర్డులు, చెన్నైలో పుట్టిన అవాజ్ లాంటి యాప్‌లు వాడడం బాగా వస్తుంది.

హియరింగ్ ఎయిడ్ క్లినిక్ గురించి ఒక్క మాట. జీతం బాగుంటుంది, అమ్మకాల టార్గెట్ ఉంటుంది, స్పీచ్ పని దాదాపు ఉండదు. రెండేళ్ల తర్వాత స్పీచ్‌కి తిరిగి రావడం అనుకున్నంత తేలిక కాదు.

ముందు పీజీనా, ఉద్యోగమా

మైసూరు ఐష్‌లో (ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్) సీటు వస్తే ఆలోచించకండి, వెళ్లిపోండి. 1965లో పెట్టిన ఆ సంస్థలో క్లినిక్‌కి వచ్చే కేసుల వైవిధ్యమే వేరు. కాకపోతే అక్కడ పీజీలో స్పీచ్, ఆడియాలజీ వేర్వేరు కోర్సులు, కాబట్టి ఏది కావాలో మీకు ముందే తెలియాలి. ఐష్ కాకుండా ఏదో ఒక కాలేజీలో ఎంఏఎస్‌ఎల్‌పీ, అంటే ఇదే ఫీల్డులో పీజీ, అయితే, ఒక ఏడాది పనిచేసి వెళ్లమంటాను. వార్డులో తిరిగి వచ్చినవాళ్లకు న్యూరో పాఠంలో బతికున్న మనుషులు కనిపిస్తారు. అమెరికా ఆలోచన ఉంటే మాస్టర్స్ తప్పదు, ఆ పైన ప్రాక్సిస్ పరీక్ష, పైన చెప్పిన ఫెలోషిప్. బ్రిటన్‌లో అయితే అక్కడి ఆరోగ్య వృత్తుల కౌన్సిల్ హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్ కావాలి.

ఇళ్లకు వెళ్లడం, సొంత క్లినిక్, ఆన్‌లైన్

మొదటి ఏడాది ఈ మూడూ వద్దు. సంపాదన ఆకర్షణీయంగా ఉంటుంది నిజమే. కానీ నాలుగు గోడల మధ్య మీరు, బిడ్డ, తల్లి మాత్రమే ఉంటారు. మీరు చేస్తున్నది సరైనదో కాదో చెప్పే కన్ను ఒక్కటీ ఉండదు. అమ్మాయిలు ఒంటరిగా కొత్త ఇళ్లకు వెళ్లే భద్రత సంగతి వేరే ఆలోచించాలి. డల్లాస్, న్యూజెర్సీల్లో ఉన్న తెలుగు కుటుంబాలు పిల్లలకు తెలుగు థెరపిస్టు కావాలని ఆన్‌లైన్‌లో అడుగుతున్నారు. ఆ బిడ్డ ఉన్న రాష్ట్రంలో లైసెన్సు ఉండాలన్నది అక్కడి నియమం. మన రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు. తెలియక ఒప్పుకుంటే ఇబ్బంది మీదే.

ఆఫర్లను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు

జీతం అంకెను అలాగే పోల్చొద్దు. ఉదాహరణకు ఒక సెంటర్ సెషన్‌కి 700 ఫీజు తీసుకుని మీకు 40 శాతం ఇస్తానంది. అంటే సెషన్‌కి 280. రోజుకి ఆరు సెషన్లు, నెలకు 24 రోజులు అయితే 40,320. కాగితం మీద బాగుంది. పిల్లలకు జ్వరాలొస్తాయి, సంక్రాంతికి, దసరాకి ఊళ్లకెళతారు, పరీక్షలుంటాయి. నాలుగో వంతు సెషన్లు రద్దయితే మిగిలేది 30,240. ఇంకోచోట 28,000 ఫిక్స్‌డ్ జీతం, వారానికి ఒక గంట కేస్ డిస్కషన్, సీఆర్‌ఈ (వృత్తిలో ఉన్నవాళ్లకు కొనసాగే శిక్షణ) కార్యక్రమాలకు సెలవు ఇస్తామన్నారు. నేనైతే రెండోదే తీసుకోమంటాను. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఎలాగూ పాయింట్లు కావాలి, ఆ సెలవుకి విలువ ఉంది.

గంటల లెక్క కూడా వేయండి. ఎనిమిది సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు అంటే ఆరు గంటలు. ఒక్కో తల్లితో ఐదు నిమిషాలు, ఒక్కో నోట్‌కి ఐదు నిమిషాలు కలిపితే ఇంకో గంటా ఇరవై నిమిషాలు. భోజనం కలిపితే రోజు నిండిపోయింది, రేపటి సెషన్ ఆలోచించుకోవడానికి టైం ఎక్కడుంది? అదే ఆరు గంటల్లో అరగంట సెషన్లు పన్నెండు పెడితే ఆ తల్లులతో మాటలకు, నోట్స్‌కే రెండు గంటలు. "రోజుకి పన్నెండు, అందరూ చేస్తున్నారు" అని నవ్వుతూ చెప్పే చోట నోట్స్ ఎవరూ రాయడం లేదని అర్థం.

బాండ్ గురించి అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు. ఇంకా ముఖ్యమైనది: రిజిస్ట్రేషన్ లేనివాళ్లతో థెరపీ చేయించి, రిపోర్టు మీద మీ నంబర్, మీ సంతకం పెట్టమనే చోట్లు ఉన్నాయి. 1992 ఆర్‌సీఐ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేయడం నేరం. మీరు చూడని బిడ్డ రిపోర్టు మీద మీ సంతకం ఉండకూడదు. మొదటి నెలలోనే అడుగుతారు, మొదటిసారే కుదరదని చెప్పండి.

వీలైతే చేరకముందు సగం రోజు అక్కడ కూర్చుని చూస్తానని అడగండి. ఒప్పుకుంటే వెయిటింగ్ హాల్లో కూర్చోండి. సెషన్ అయ్యాక థెరపిస్టు తల్లితో ఏం మాట్లాడుతున్నారు? "ఇవాళ బాగా చేశాడు" అని ఒక్క ముక్కతో పంపేస్తున్నారా, లేక స్నానం చేయించేటప్పుడు ఏం చేయాలో చూపిస్తున్నారా? వెబ్‌సైట్‌లో తెలియనిది అక్కడ తెలుస్తుంది.

ఎవరికి ఏది

నేల మీద కూర్చుని ఒకే ఆట యాభైసార్లు ఆడినా విసుగు రానివాళ్లు, నెలల తరబడి చిన్న మార్పు కోసం ఎదురుచూడగలిగినవాళ్లు, తల్లిదండ్రుల ఏడుపునూ కోపాన్నీ ఓపిగ్గా వినగలిగినవాళ్లు పిల్లల వైపు వెళ్లండి. అనాటమీ ఇష్టంగా చదివినవాళ్లు, త్వరగా నిర్ణయం తీసుకోగలిగినవాళ్లు, పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడం హాయిగా అనిపించేవాళ్లు ఆసుపత్రికి వెళ్లండి. ఏదీ తేల్చుకోలేకపోతే ఆసుపత్రే మేలు, కారణం పైనే చెప్పాను. ఇంటి అవసరాల వల్ల జీతం ముఖ్యమైతే పిల్లల సెంటర్లో చేరడంలో తప్పేమీ లేదు. అలాంటప్పుడు శనివారం సగం రోజు ఏదైనా ఆసుపత్రి న్యూరో వార్డులో వాలంటీరుగా తిరగడానికి అనుమతి అడగండి.

సీనియర్ లేని ఉద్యోగమే దిక్కయితే సీనియర్‌ను బయటి నుంచి తెచ్చుకోండి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితో నెలకు రెండు సెషన్లు వీడియో తీసి, పేరు, ఇతర వివరాలు బయటపడకుండా, మీ కాలేజీ టీచర్‌కో అనుభవమున్న థెరపిస్టుకో చూపించండి. గంటకు ఇంత అని ఫీజు ఇచ్చి చూపించుకున్నా తప్పులేదు. ఒకే బ్యాచ్ వాళ్లు నలుగురు కలిసి ఆదివారం సాయంత్రం ఒక్కో కేసు చర్చించుకున్నా చాలా ఉపయోగం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ (వినికిడి, మాట లోపాలది) ప్రాంతీయ కేంద్రం లాంటి చోట్ల జరిగే సీఆర్‌ఈ కార్యక్రమాలకు వెళ్లినప్పుడు పాయింట్లతోపాటు మనుషుల్నీ సంపాదించుకోండి.

మారాలనుకున్నప్పుడు ఏడాదికి తక్కువ కాకుండా ఒకచోట ఉండి మారండి, ఆత్మగౌరవానికో నిజాయితీకో దెబ్బ తగిలితే మాత్రం ఏడాది ఆగక్కర్లేదు. వెళ్లేముందు తల్లిదండ్రులకు నెల ముందే చెప్పండి. ప్రతి బిడ్డ ఫైల్లో ఎక్కడ మొదలుపెట్టాం, ఎక్కడికొచ్చాం, వాడికి ఏ ఆట ఇష్టం, ఏది చూస్తే భయపడతాడు అన్నది ఒక పేజీలో రాసి, వీలైతే కొత్త థెరపిస్టుతో కలిసి రెండు సెషన్లు చేసి అప్పగించండి.